అండాలు అత్త గుర్తు కాలింగ్ బెల్లు

మేడ్చల్ చేపల షెడ్డుల నాలుగో గద్దె పక్కన ఇనుప పోలుకు ఒక కాలింగ్ బెల్లు ఉంటది. తెల్ల ప్లాస్టిక్‌ది. ఇప్పుడు తెల్లగ లేదనుకో, చేపల చేతులు తాకి తాకి పసుపు పట్టింది. వత్తితె పిట్ట కూసినట్టు కూస్తది. చేపలు కొననీకి వచ్చినోళ్ళు దాన్ని జూసి నవ్వుతరు, ఇంటికి బెల్లు ఉంటది గాని చేపల షెడ్డుకు బెల్లేంది అని. మొన్న ఆదివారం నేను పోయినప్పుడు ఒకాయన గదే అడుగుతుండె. మా అత్త తలకాయ ఎత్తకుంటనే, కత్తిపీట మీద రవ్వ చేప పొట్ట చీరుకుంట, "అది నా ఎలక్షన్ గుర్తు సారు" అన్నది. ఆయనకు ఏం సమజ్ గాలే. కిలో రవ్వ కట్టించుకొని, పోతపోత ఒకసారి వత్తి పోయిండు. గా పిట్ట కూత ఇనంగనే నేను ఫోన్ల రీల్ చూసుడు ఆపిన. ఎందుకంటె ఆ బెల్లు మా ఇంటిది. పేట్ బషీరాబాద్‌ల మా ఫ్లాటు తలుపుకు ఉండేది.

అత్త అంటే మా నాయినకు సొంత అక్క, పేరు అండాలు. ఇల్లు శామీర్‌పేట చెరువు ఎన్క గల్లీల. మామ చేపలు పట్టేటోడు, అత్త గంపకెత్తుకొని మేడ్చల్ తీస్కపొయ్యి అమ్మేది. మామ చచ్చిపోయినంక పట్టినోళ్ళ దగ్గర కొనుక్కొని అమ్ముతాంది. మా నాయిన చిన్నప్పుడే చెరువు ఇడిసిపెట్టి కరెంటు పని నేర్చుకొని సిటీ దిక్కు వచ్చేసిండు. నేను పుట్టింది, పెరిగింది అంత ఫ్లాట్లల్లనే. నాకు చెరువంటే బస్సు కిటికీలకెళ్ళి కనవడే నీళ్ళు, గంతే. అత్త నెలకు రెండుసార్లన్న మా ఇంటికి వచ్చేది. మాది మూడో అంతస్తు. తలుపు పక్కన నాయిన తన చేతుల్తోని పెట్టిన పిట్ట బెల్లు ఉంటె, అత్త ఒక్కనాడు దాన్ని వత్తలే. రెండో అంతస్తు మెట్ల మీదికెళ్ళే "తమ్మీ! ఓ తమ్మీ! సావనీ!" అని ఒర్లేది. నా పేరు శ్రావణి. అత్త నోట్లెకెళ్ళి ఎన్నడు గట్ల రాలే. మెట్ల పొంటి ఉన్న తలుపులన్ని తెరుసుకునేటియి, నా పానం పోయేది. "బెల్లు కొట్టరాదా అత్తా" అంటే, "మనిషిని పిలువనీకి నోరున్నది గద, మిషినెందుకే" అనేది.

అత్త రాంగనే మా అమ్మ నాలుగు అగరొత్తులు ఎలిగించేది. దేవునికి గాదు, వాసనకు. అత్తకు తెల్సు. నడింట్ల నిలవడకుంట సక్కగ ఎన్క బాల్కనీలకు పొయ్యి, బట్టలుతికే జాగల పీటేసుకొని కూసునేది. బూడిద గూడ పాల కవర్ల తానే తెచ్చుకునేది, మీ గ్యాస్ పొయ్యి ఇండ్లల్ల బూడిదేడ ఉంటదే అనుకుంట. బూడిద పోసి రుద్దితే చేప మీది జిగురంత పొయ్యి, స్టీలు గిన్నె లెక్క మెరిసేది. చింతపండు నానేసి, మెంతులు ఏంచి దంచి, పులుసు పొయ్యి మీద పెట్టి, "రేపు తినుండ్రి, ఇయ్యాల తింటె ముక్కకు పులుపు పట్టది" అని చెప్పేది. మేమెవ్వలం రేపటిదాంక ఆగకపోయేది. అగరొత్తుల పొగ, మెంతుల వాసన, చేపల వాసన మూడు కలిసిపొయ్యి మా పరదలకు పట్టుకునేది. కాలేజీకి పోయే వయసుల నాకు గా వాసనంటె సిగ్గు. దోస్తులు ఇంటికొస్తున్నరంటె అత్తకు ఫోన్ జేసి "ఇయ్యాల రాకు" అన్న దినాలు గూడ ఉన్నయి. ఇది రాస్తుంటె నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తాంది. కాని అన్న. అత్త "సరే బిడ్డా, మల్లొస్త" అనేది, గంతే.

మేడ్చల్‌ల అత్తతోని కలిపి పదిమంది ఆడోళ్ళు రోడ్డు పక్కన యాపచెట్టు నీడకు వరుసగ కూసొని అమ్మేటోళ్ళు. రోడ్డు ఎడల్పు పని నడిస్తె చెట్టు పోయింది, జాగ పోయింది. ఎండకు గొడుగులు పట్టుకొని, వానకు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకొని, బస్సులు కొట్టే దుమ్ముల కూసున్నరు. దుమ్ము పడ్డ చేపలు ఎవలు కొంటరు? అన్నిటికన్న పెద్ద పరేషాన్ ఏందంటె, పొద్దుగాలకెళ్ళి మాపటిదాంక ఒంటికి పోనీకి జాగ లేదు. అందుకని పదిమందికి పదిమంది నీళ్ళు తాగుడే బంద్ జేసిన్రు. ఒక ఎండకాలం అత్త అక్కడ్నే పడిపోతె దవాఖానల సెలైన్ ఎక్కించిన్రు. లేసి కూసున్న దినమే అత్త నాతోని దరఖాస్తు రాపిచ్చింది. ఒక షెడ్డు, ఒక నల్లా, ఒక లెట్రిన్. గీ మూడే. గది పట్టుకొని ఒక పెద్ద లీడర్ ఇంటికి పోయింది. ఆయన మంచిగనే కూసోమన్నడంట, చాయ్ గూడ ఇప్పిచ్చిండంట. కాయితం మడిచి పక్కకు పెట్టి, "నీ ఎన్క ఎంతమంది ఉన్నరమ్మా?" అని అడిగిండంట. అత్త ఉన్నదున్నట్టు "పదిమందిమి సారు" అన్నది. ఆడ కూసున్నోళ్ళందరు నవ్విన్రంట.

గా నవ్వు అత్తను ఇడిసిపెట్టలే. తర్వాతి ఆదివారం మా బాల్కనీల చేప తోముకుంట తోముకుంట చెయ్యి ఆపి నాయినను అడిగింది.

"తమ్మీ, ఒక మనిషెన్క ఎంతమంది ఉన్నరో ఎవలు లెక్కవెడ్తరురా?"

"ఎలక్షన్లల్ల లెక్కవెడ్తరక్కా. ఇంకెవలు వెడ్తరు?"

"గవర్నమెంటే లెక్కవెట్టి చెప్తదా?"

"మైకుల చెప్తది. కాయితం మీద రాసి గూడ ఇస్తది."

"అయితె నేను ఎమ్మెల్యేకు నిలవడ్త."

మా అమ్మ అగరొత్తి చేతిల పట్టుకొని అట్లనే నిలవడ్డది. నాయిన నవ్విండు. అత్త నవ్వలే. "గెలుసుడు గాదురా. గెలుసుడు పెద్దోళ్ళ పని. నాకు నంబర్ గావాలె. గా సారు అడిగిండు గద, నా తాన జవాబు లేకుండె" అన్నది. ఇగ నాకైతే నరాలు లేసినయి. నాకు కోపం మస్తు జల్దీ వస్తది, ఇప్పటికి గంతే. ఆళ్ళ నవ్వు మీద కోపం, నేను రాకు అన్న దినాల మీద కోపం, అంత కలిసిపోయింది. "అత్తా, నీ ప్రచారం నేను జేస్త, నా ఫోన్ల జేస్త" అన్న. అప్పుడు నేను ఇంజనీరింగ్ మూడో ఏడు.

పెద్ద పార్టీల గడప మేం తొక్కలేం. మేడ్చల్‌ల ఒక టైలర్ షాపు మీద చిన్న పార్టీ బోర్డు ఉండేది. దానికి ఆ టైలరే లోకల్ ప్రెసిడెంటు. ఎవలన్న నిలవడ్తరా అని ఆయనే ఎదురుజూస్తున్నడు. అత్త బ్లౌజులు కుట్టేది గూడ ఆయననే, గందుకే మాట జల్దీ కుదిరింది. అయితే నామినేషన్ కాడ ఒక రూలున్నది. పెద్ద పార్టీ మనిషికి ఒక్క ఓటరు బలపరుస్తు సంతకం పెడ్తె సాలు. మనసొంటి చిన్న పార్టీకి పదిమంది పెట్టాలె. నిలవడేటోళ్ళకు రాష్ట్రంల యాడ ఓటున్నా సాలు గాని, ఆ పదిమందికి గదే నియోజకవర్గంల ఓటు ఉండాలె. నాయిన ఎగురుకుంట పెన్ను తీసిండు, గాని మా ఓట్లు పక్క నియోజకవర్గంల ఉన్నయి. సొంత తమ్మునికి అక్క కాయితం మీద సంతకం పెట్టే హక్కు లేదు, అక్కకు ఓటేసే హక్కు లేదు. ఆ దినం నాయిన అన్నం సగమే తిన్నడు.

అత్త పక్కన కూసునేటోళ్ళు తొమ్మిదిమంది. నిలవడ్డ మనిషి తన కాయితం మీద తనే సంతకం పెట్టొద్దు. పదో మనిషికి ఆళ్ళ గంపలు మోసే ఆటో యాదగిరి దొరికిండు. తొమ్మిదిమందిల ఏడుగురు ఏలిముద్రోళ్ళు. ఏలిముద్ర అయితే ఆఫీసర్ ముందలనే ఎయ్యాలంట. ఇగ జూడు, పొద్దుగాల గిరాకీ ఇడిసిపెట్టి, అమ్ముడువోని చేపలు గంపల్లనే పెట్టుకొని, ఒక్క ఆటోల అందరు ఆఫీసుకు దిగిన్రు. గేటు కాడి కానిస్టేబుల్ ముక్కు మూసుకొని "గంపలు లోపటికి తేవద్దు" అన్నడు. అందర్ల పెద్దామె, బుచ్చమ్మ, "మరి కుక్కలు ఎత్కపోతె నువ్వు కట్టిస్తవా బిడ్డా?" అన్నది. ఆఖరికి ఆ కానిస్టేబులే లాఠీ పట్టుకొని తొమ్మిది గంపలకు కావలి నిలవడ్డడు. లోపట ఆ ఏడుగురు ఒక్కొక్కరు బొటనవేలు ఇంకుల ముంచి కాయితం మీద వత్తిన్రు. ఏలు తుడుసుకోనీకి బట్ట ఇస్తె బుచ్చమ్మ తుడుసుకోలే. ఇంటికాడ మనుమనికి సూపిస్త అన్నది.

ఇగ నా తప్పు కాడికి వస్తున్న. గుర్తు కోసం మూడు పేర్లు రాసియ్యాలె. మొదటిది పడవ రాసినం. చేపలోళ్ళకు పడవ కంటె ఏం గావాలె? టైలర్ మామ చిలక్కు చెప్పినట్టు చెప్పిండు, "అమ్మాయీ, గుర్తు చేతికి వచ్చేదాంక ఎక్కడ పెట్టకు" అని. నాకు ఆగుడు ఎక్కడ వచ్చు? తెల్లారంగనే అత్తను చెరువు మీదికి తీస్కపొయ్యి, పడవల నిలవెట్టి, ఎన్క సూర్యుడు, ముందల అత్త, మంచిగ పాట బాణీ కట్టి వీడియో జేసిన. "మన అండాలు, మన పడవ, పడవ గుర్తుకే మన ఓటు." శామీర్‌పేట, కీసర, మేడ్చల్, ఎక్కడెక్కడ చేపలు పట్టే ఇండ్లున్నయో ఆ గ్రూపులన్నిట్ల పెట్టిన. ఒక్క దినంల ఎంతమంది పంపుకున్నరంటె, నాకే మల్ల మా కాలేజీ దోస్తు పంపింది, "మీ అత్తనా?" అని. చూడు, గా దినం నాకు సిగ్గు కాలే. "అవ్, మా అత్తనే" అని పెట్టిన.

గుర్తులు ఇచ్చే దినం తెల్సింది, పడవ ఇంకొకరు గూడ అడిగిన్రని. ఆయన గూడ మనలెక్క ఇంకో చిన్న పార్టీ. చిట్టీలు ఏసిన్రు. పడవ ఆయనకు పోయింది. మేం రాసిన రెండోది గూడ ఎవలకో పోయింది. మూడో గడిల టైలర్ మామ ఏదో ఒకటి నింపాలె గద అని రాసింది మాకు వచ్చింది. కాలింగ్ బెల్లు. నేను ఆఫీసర్ మీద లేసిన. "మేము ముందుగాల అడిగినం, మేము వీడియో జేసినం" అని ఒర్లిన. ఆయన నా దిక్కు నిమ్మలంగ జూసి, "ఎవరు చెయ్యమన్నరమ్మా?" అన్నడు. బయటికొచ్చి వీడియో తీసేసిన. నా తాన తీసేస్తె ఏమైతది, వేల ఫోన్లల్ల తిరుగుతాంది అది. నేను మెట్ల మీద కూసొని ఏడుస్తుంటె అత్త వచ్చి పక్కన కూసున్నది. తిడ్తదేమో అనుకున్న. "సావనీ, ఆ బెల్లంటె మీ ఇంటి తలుపుకు ఉంటది, గదేనా?" అని అడిగింది.

"అవ్ అత్తా. చెరువు గల్లీల ఎవలింటికున్నది బెల్లు? ఎవలకు తెల్సు? అంత నేనే నాశనం జేసిన."

"తెల్వకపోతె తెలియజేస్తం. లే, ముక్కు తుడుసుకో. తమ్మునికి ఫోన్ గొట్టు, ఆ బెల్లు ఊడవెరకమను."

నాయిన గా మాపటికే తలుపు కాడి బెల్లు ఊడవెరికి, బ్యాటరీల మీద నడిచేటట్టు కట్టి, చిన్న చెక్కకు బిగిచ్చి ఇచ్చిండు. ఓటు ఎయ్యలేనోడు, సంతకం పెట్టలేనోడు, ఇగ తన వంతు దొరికిందన్నట్టు రెండు గంటలు దాని మీదనే కూసున్నడు. అత్త పొద్దుగాల చేపలమ్మి, పగటీలి గంప కడిగి బోర్లేసి, ఆ చెక్క పట్టుకొని ఎల్లేది. నేను ఎన్క. గల్లీల ముసలోళ్ళ చేతికిచ్చి "వత్తుండ్రి" అనేది. పిట్ట కూస్తె ఆళ్ళు సిన్నపోరగాండ్ల లెక్క నవ్వేటోళ్ళు. "మిషిన్ల గూడ గిట్లనే, నా పేరు పక్కన గిదే బొమ్మ, గిట్లనే వత్తాలె, అది గూడ కుయ్ మంటది" అని చెప్పేది. ఓటు మిషిన్ అంటే భయపడే ముసల్దానికి గంతకన్న మంచిగ ఎవ్వలు చెప్పలేరు. అయినా ప్రతి గల్లీల ఒకరన్న అనేటోళ్ళు, "నీకే ఏస్తం అండాలు, పడవకే గద!" అని. అత్త మల్ల మొదటికెళ్ళి చెప్పేది, పడవ గాదు అవ్వా, బెల్లు, బెల్లు.

కొత్త కాలనీలల్ల ఇంకో తీరు. ఆడ ప్రతి తలుపుకు మా గుర్తు ఉన్నది. మస్తు సంబరం అనిపించింది నాకు, ఫ్రీగ పోస్టర్లు అంటిచ్చినట్టే గద. తన జిందగీల బెల్లు వత్తని అత్త, వరుసగ ఇండ్లన్ని వత్తుకుంట పోయింది. తలుపు తీసి గంప లేకున్న గూడ వాసన పట్టి "ఏం చేపలున్నాయమ్మా?" అనేటోళ్ళు. "చేపలు గాదమ్మా, ఓటు అడగనీకొచ్చిన. మీరిప్పుడు వత్తితె మోగింది సూడు, గదే నా గుర్తు." "అదేంటి, వత్తింది మీరు కదా?" "నేను మీ తలుపు కాడ వత్తిన. మీరు నా కోసం ఆడ వత్తుండ్రి." ఒకామె కొర్రమట్ట తెచ్చిస్తవా అని పట్టువట్టింది. "ఎలక్షన్లు అయినంక తెస్తనమ్మా, ఇప్పుడిస్తె కేసయితది" అని అత్త చెప్తె ఆమె నవ్వాపుకోలే. ఒక గేటు కాడ వాచ్‌మన్ లోపటికి పోనియ్యలే, చేపలోళ్ళకు ఎంట్రీ లేదన్నడు. నేను ఆయన గల్లా పట్టిన. అత్త నన్ను ఎన్కకు గుంజి, "నీకు ఓటున్నదా బిడ్డా, ఏ ఊరు?" అని ఆయననే అడిగింది. ఆయనకు శామీర్‌పేటలనే ఓటు ఉన్నది. పది నిమిషాలు ఇద్దరు గేటు కాడ కూసొని ముచ్చట పెట్టిన్రు. దారిల నన్ను ఒక్క మాటే అన్నది. "గల్లా పట్టినోళ్ళకు ఎవలన్న ఓటేస్తరా?"

మూడు వారాలు మా ఇంటికి బెల్లు లేదు. అమ్మ మొదట గొణిగింది, కొరియరోడు తిరిగి పోతున్నడని. ఆఖరి వారంల ఒక మాపటీలి మేం అలిసిపొయ్యి ఇంటికొచ్చేవరకు, బాల్కనీల పీటేసి ఉన్నది. డబ్బల బూడిద ఉన్నది. అమ్మ ఏడనో ఇస్త్రీ బండాయన తాన అడిగి తెచ్చి జల్లెడ పట్టి పెట్టింది. అగరొత్తులు ఎలిగియ్యలే. అత్త జూసింది. ఆ దినం పులుసు అమ్మనే చేసింది, అత్త కూసొని తిన్నది.

ఓట్ల లెక్క దినం అత్త నన్ను ఏజెంటుగ పంపింది. "నువ్వే రాసుకరా, నీ చేతి లెక్కే నాకు గావాలె" అన్నది. గేటు కాడ ఫోన్ గుంజుకున్నరు. లోపటికి ఫోన్ తేవద్దంట. పుట్టినప్పటికెళ్ళి గన్ని గంటలు ఫోన్ లేకుంట నేను ఎన్నడు ఉండలే. బొటనవేలు ఊకెనే కదులుతుండె. ఒక తెల్ల కాయితం, ఒక పెన్ను. బెల్లుకు ఒక వరుస, పడవకు ఒక వరుస గీసుకున్న. కాలనీల పోలింగ్ బూతుల మిషిన్లు తెరిస్తె బెల్లుకు పడ్డయి, నేను అనుకున్నదానికన్న ఎక్కువ. శామీర్‌పేట గల్లీల బూతులు మొదలైనయి. బెల్లుకు పడ్డయి, గాని పడవకు గూడ పడ్డయి. మస్తు పడ్డయి. ఒక్కో నంబర్ మైకుల చదువుతుంటె నా తెల్లారగట్ల వీడియోనే నా ముందల నడుస్తున్నట్టు అనిపించింది. రాసుకుంట రాసుకుంట కండ్లల్ల నీళ్ళొచ్చి కాయితం కనవడలే.

నా పక్క కుర్చీల పడవ గుర్తాయన తనకు తనే ఏజెంటుగ కూసున్నడు. మూర్తిగారు, రిటైరయిన పంతులు. అవుతలి కాలనీల ఉంటరు, కోస్తా దిక్కుకెళ్ళి వచ్చినోళ్ళు. ఆయన అద్దాలు సవరిచ్చుకొని నన్నే అడిగిండు.

"ఏమ్మాయ్, ఈ ఊళ్ళో నాకు ఒక్క మనిషీ తెలీదే. నేను ఇటేపు రాను కూడా రాలేదు. ఇన్ని ఓట్లేంటి నాకు?"

"అవి మీయి గావు సార్. మా అత్తయి. నేనే మీకు ఏపిచ్చిన" అని అంత చెప్పేసిన.

నవ్వుతడనుకున్న. లేకుంటె సంబరపడ్తడనుకున్న. ఆయన వంగి నా కాయితం జూసిండు. "మాది గోదావరి పక్క ఊరమ్మా. జాబితాలో ఆ బొమ్మ చూసి ముచ్చటపడి రాసిచ్చాను. మా కాలనీ మురిక్కాలవ కోసం నిలబడ్డాలే. ఎక్కడికెళ్ళినా మీ వెనక ఎంతమంది ఉన్నారంటారు" అన్నడు. నా పెన్ను తీస్కొని, ఆ బూతుల కాడ బెల్లు వరుసను పడవ వరుసను కలిపి ఒక బ్రాకెట్ గీసిండు. "కూడు. తప్పు లేకుండా కూడు. మీ అత్తయ్యకి ఈ లెక్క చెప్పు. సాక్షిసంతకం నేను చేస్తా."

గెలిచింది మేమనుకున్నోళ్ళే, గా పెద్ద లీడరే. అత్తకు ఓడిపోయినందుకు ఇసుమంత బాధ గాలే. నేను నా తప్పు మొత్తం చదివి ఇనిపిస్తె, "అంటె పడవకేసినోళ్ళు గూడ అండాలుకే ఏసినమనుకొని ఏసిన్రు గద? మరి ఏడ్సుడెందుకే? ఆళ్ళు నా ఎన్క ఉన్నట్టే" అన్నది. వారం ఆగి, గవర్నమెంటు ఇచ్చిన బూతులవారి లెక్క కాయితం, నా చేతి కాయితం పట్టుకొని, అత్త, మూర్తిగారు, నేను ముగ్గురం గా సారు ఇంటికి పోయినం. గదే సోఫా, గదే చాయ్. అత్త కాయితం ముందల పెట్టి, "మొన్న మీరు ఒక మాట అడిగిన్రు సారు. గిదిగో జవాబు" అన్నది. మూర్తిగారు లేచి, "పడవ ఓట్లు నావి కావండీ, ఈవిడవే" అని నిలవడ్డడు. గా లీడర్ ఏలు పెట్టి బూతు బూతు చదివిండు. గా గదిల కూసున్నోళ్ళు మొన్నటోళ్ళే. గీసారి ఎవ్వలు నవ్వలే.

తెల్లారి షెడ్డు లేసిందనుకునేరు. ఏడాదిన్నర తిరిగినం. దరఖాస్తులు నేను రాసిన, మూర్తిగారు తప్పులు దిద్దిండు, ఆయన కాలవది మాది రెండు కలిపి ఒక్క ఫైలు జేసిండు. ప్రతి కాయితం మీద ముద్ర పడంగనే నేను ఫోన్ల ఫోటో కొట్టుకున్న. ఆఖరికి రేకుల షెడ్డు లేసింది, పది గద్దెలు, నల్లా, లెట్రిన్. ఓపెనింగ్ రాయి మీద మా అత్త పేరు లేదు. నేను ఫోన్ తీసి లైవ్ పెట్టబోతుంటె అత్త చెయ్యి పట్టుకున్నది. "నా పేరు గా రాయి మీదుంటె చేపలెక్కువ అమ్ముడువోతయా? పొయ్యి నల్లా తిప్పి జూడు, నీళ్ళొస్తున్నయా లేదా." వస్తున్నయి. లెట్రిన్‌కు లైటు మాత్రం ఇంక రాలే, దాని మీద గూడ దరఖాస్తు నడుస్తాంది. బెల్లు మాత్రం మా ఇంటికి వాపస్ రాలే. నాయిన కొత్తది కొననియ్యలే, అమ్మ అడగలే. మా ఇంటికొచ్చినోళ్ళు ఇప్పటికి తలుపు కొట్టాల్సిందే, లేకుంటె మెట్ల మీదికెళ్ళి ఒర్లాల్సిందే.

గప్పటికి ఇప్పటికి నాల ఏం మారింది అంటె, కోపం మారలే. ఫోన్ గూడ చేతికెళ్ళి దిగలే. కాకపోతే ఏదన్న పెట్టే ముందు బొటనవేలు కొంచెం ఆగుతది. చేపల వాసన నా చున్నీకి పట్టినా ఆఫీసుకు అట్లనే పోత. మొన్న ఆదివారం గా బెల్లు వత్తిన సారు పోయినంక, అత్త చేప ముక్కలు కవర్ల ఏసుకుంట, ఊకెనే అడిగినట్టు అడిగింది.

"సావనీ, నీకిప్పుడు ఎన్నేండ్లే?"

"ఇరవై మూడు."

"వచ్చే ఎలక్షన్లకు?"

వట్టిగ లెక్కజేసి, "ఇరవై ఐదు నిండుతయి" అన్న. అన్నంక సమజ్ అయింది, ఎమ్మెల్యేకు నిలవడే ఈడు గదే అని. "పాగల్ లెక్క మాట్లాడకు అత్తా. నేనా? నా ఎన్క ఎవలుంటరు?"

అత్త ఎడమ చెయ్యి చాపి పోలు మీది బెల్లు వత్తింది. పిట్ట కూసింది. షెడ్డు మొత్తం కత్తిపీటలు ఆగినయి, తలకాయలు లేసినయి.

"ఏందే అండాలు, గిరాకీనా?" బుచ్చమ్మ అటు చివరికెళ్ళి ఒర్లింది.

"గిరాకీ గాదు. మల్ల ఏలిముద్రకు రావాలె అందరు."

"ఎవలకు?"

"మా సావనికి."

"గీ పోరికా?" అన్నది బుచ్చమ్మ. "మల్ల పడవ అంటదేమో, ముందుగాల దాని ఫోన్ గుంజుకోరి!"

షెడ్డంత నవ్వింది. నా ముఖం కాలిపోతాంది, గాని నేను గూడ నవ్విన. నవ్వుకుంటనే లెక్కవెట్టిన. తొమ్మిదిమంది. పదో మనిషికి మల్ల ఆటో యాదగిరినే బతిలాడాలె అనుకుంటున్న. అత్త పీట మీదికెళ్ళి లేసి, తడి చెయ్యి కొంగుకు తుడుసుకొని, బొటనవేలు నా ముఖం ముందల నిలవెట్టింది.

"గీసారి నేను గూడ పెట్టచ్చు గద?"